ప్రభు బల్ల మీద గోంగూర

అమెరికాలోని షాంటిలీలో తెలుగు సంఘమూ ఘానా సంఘమూ కలిసి అద్దెకు తీసుకున్న చర్చి. ఆదివారం మధ్యాహ్నం తెలుగు ఆరాధన, రొట్టె-ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల అయిపోయాక, కిచెన్‌లో పాస్టర్ సుందర్ రాజ్, సంఘపెద్ద లెవి.

"అల్లం ఉంది లెవీ."

"ఎందులోనండీ?"

"ప్రభు బల్లలో."

"బల్లలో అల్లమేంటి అయ్యగారూ?"

"అదే నేనడిగేది. లవంగం కూడా తగిలింది. ద్రాక్షరసంలో లవంగం ఎందుకుంటుంది?"

"ఆర్గానిక్ అయ్యుంటుందండీ."

"ఆర్గానిక్ అంటే మందు కొట్టకపోవడం. మసాలా వెయ్యడం కాదు."

"స్టోర్‌లో కొత్త ఫ్లేవర్లు ఏవేవో వస్తున్నాయి కదండీ ఈ మధ్య."

"పుల్లగా ఉంది లెవీ. ఆ పులుపు నాకు తెలుసు. కప్పు పెదవికి తగలగానే నోట్లో నీళ్ళూరాయి. ఇన్నేళ్ళ సేవలో ప్రభు బల్ల దగ్గర నాకు నోరూరడం ఇదే మొదలు."

"అభిషేకం అయ్యుంటుందండీ."

"గోంగూర. అది గోంగూర."

"నాకూ అలాగే అనిపించిందండీ. కానీ ఆరాధన మధ్యలో లేచి గోంగూర అని ఎలా అంటామండీ."

"నిజం చెప్పు. ద్రాక్షరసం కొన్నావా, లేదా?"

"కొన్నానండీ."

"ఎక్కడుంది?"

"ఇంట్లో."

"ఇంట్లో ఉంటే ఇక్కడికెలా వచ్చింది?"

"రాలేదండీ."

"మరి బల్ల మీద పెట్టిందేంటి?"

"వస్తుంటే పాప కారులో వాంతి చేసుకుందండీ. ఆ హడావిడిలో జూస్ గరాజ్‌లోనే ఉండిపోయింది. ఇక్కడికొచ్చి ఫ్రిజ్ తెరిచాను. పెద్ద క్యాన్, ఎర్రగా ఉంది. అవతల మీరేమో కళ్ళు మూసుకుని 'బల్ల సిద్ధమైంది' అనేశారు. సిద్ధమైంది అని పాస్టర్ అన్నాక సిద్ధం కాలేదని ఎవరంటారండీ?"

"ఎవరిదా క్యాన్?"

"కింద షెల్ఫ్‌లో ఉందండీ. కింద షెల్ఫ్ ఘానా వాళ్ళది కదా."

"తెలిసీ కింద షెల్ఫ్‌లో చెయ్యెందుకు పెట్టావు?"

"పై షెల్ఫ్‌లో పెరుగన్నం ఒక్కటే ఉందండీ."

"సరే. ఆ క్వేసికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పు. కొత్తది కొనిచ్చేద్దాం."

"చేశానండీ. ఆయన వాళ్ళ సంఘపెద్ద కదా, ఆయనకైతే చెప్పుకోవచ్చు అనుకున్నా."

"ఏమన్నాడు?"

"నవ్వాడండీ. తర్వాత నవ్వడం ఆపేశాడు."

"ఎందుకు?"

"ఎంత తాగారు అని అడిగాడు. మొత్తం అన్నాను. అది తాగడానికి కాదు బ్రదర్ అన్నాడు."

"మరి దేనికి?"

"పొయ్యడానికట."

"ఎక్కడ?"

"నేల మీద."

"లెవీ."

"అండీ."

"సంఘం చేత ఫినాయిల్ తాగించావా?"

"అయ్యో కాదండీ, కాదు! తాగేదేనండీ. సొబొలో అంటారట. ఘానాలో ప్రతి ఇంట్లో తాగుతారు. కాకపోతే ఈ క్యాన్‌లోది మాత్రం నేల మీద పొయ్యడానికి పెట్టిందట. ఇవాళ నాలుగింటికి, పార్కింగ్ లాట్ పక్కన గడ్డిలో."

"గడ్డికెందుకు?"

"గడ్డికి కాదండీ. చనిపోయినవాళ్ళకి. ఏడాదికోసారి చేస్తారట. ముందు యేసయ్యకి ప్రార్థన. తర్వాత పోయినవాళ్ళని పేరు పెట్టి పిలుస్తారు. ఒక్కో పేరుకి కాస్త కాస్త పోస్తారు. వాళ్ళ ఊళ్ళల్లో అయితే సారా పోస్తారట. చర్చి కదా, బాగోదని ఇక్కడ సొబొలోకి మార్చుకున్నారు."

"ఫినాయిలే నయం లెవీ."

"నేనూ అదే అనుకున్నానండీ."

"సంఘంలో ఎవరికైనా చెప్పావా?"

"లేదండీ. కానీ వాట్సాప్ గ్రూపులో సాక్ష్యాలు మొదలయ్యాయి."

"ఏం సాక్ష్యాలు?"

"ఇవాళ బల్ల తీసుకోగానే మోకాలి నొప్పి పోయిందని సుగుణ ఆంటీ పెట్టారు. గొంతులో మంటలాంటి స్పర్శ కలిగిందని ఇంకెవరో పెట్టారు. అది అల్లం అయ్యుంటుందండీ."

"నువ్వేం రాశావు?"

"ఆమెన్ అని రాశానండీ."

"ఎందుకు రాశావు?"

"మీరు అప్పటికే రాసేశారండీ. నేను రాయకపోతే బాగోదని. అయ్యగారూ, ఇది విగ్రహార్పితం కిందికి వస్తుందాండీ?"

"ఇంకా పొయ్యలేదు కదా. పొయ్యకముందే అర్పితం ఎలా అవుతుంది?"

"వాళ్ళ కోసమని అనుకుని చేశారు కదండీ. అనుకున్నాక అయిపోయినట్టే కదా? పాపం విషయంలో మీరు అలాగే చెప్తారు."

"నేను చెప్పినవన్నీ నీకు ఇవాళే గుర్తొస్తున్నాయా?"

"పోనీ కల్చర్ అనుకుందామాండీ? మా గృహప్రతిష్ఠకి పాలు పొంగించాం కదా. మీరే ప్రార్థన చేసి స్టవ్ వెలిగించారు."

"అది వేరు."

"పాలు నేల మీద కూడా పడ్డాయండీ."

"పడితే పడ్డాయి. ఎవరి పేరూ పిలవలేదు కదా?"

"మా అత్తగారు ఏదో గొణిగారండీ. నాకు సరిగా వినపడలేదు."

"వినపడకపోవడమే మంచిది. అది మన సంస్కృతి లెవీ."

"మరి ఇది?"

"ఇది ఘానా."

"ఓహో."

"ఓహో ఏంటి?"

"ఏం లేదండీ. ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. ఈస్టర్ తర్వాత మీరో ప్రసంగం చేశారు. చనిపోయినవాళ్ళ ముందు తిండీ తీర్థం పెట్టేవాళ్ళు ప్రభు బల్లకి దూరంగా ఉండాలని."

"చేశాను."

"ఆ ఆదివారం నుంచే పర్సిస్ ఆంటీని బల్లకి దూరం పెట్టారు."

"మా వదిన సంగతి ఇప్పుడెందుకు?"

"చనిపోయినవాళ్ళకి పెట్టినందుకే ఆవిడ దూరమైతే, చనిపోయినవాళ్ళది తీసుకుని తాగేసిన మన సంగతేంటండీ? మీరు తాగారు. నేను తాగాను. అమ్మగారు రెండుసార్లు తాగారు."

"మా ఆవిడ రెండుసార్లెందుకు తాగింది?"

"మిగిలింది పారబొయ్యకూడదని మీరే చెప్పారు కదండీ. మొత్తానికి ఇవాళ సంఘంలో అది ముట్టుకోనిది పర్సిస్ ఆంటీ ఒక్కరే."

"లెవీ."

"మీ ప్రసంగం ప్రకారం చూస్తే ఆవిడొక్కరే పవిత్రంగా..."

"లెవీ!"

"వచ్చే నెల బల్ల ఎవరు వడ్డిస్తారా అని ఆలోచిస్తున్నానండీ. అంతే."

"అసలు ఆ కాఫీ సంగతి నాకు మోసుకొచ్చింది నువ్వు."

"మోసుకురాలేదండీ. ఆంటీ వాళ్ళింట్లో వైఫై పోయిందంటే వెళ్ళాను. అంకుల్ ఫోటో ముందు కాఫీ గ్లాసుంది. పొగలొస్తోంది. ఫోటో ముందు కాఫీ ఏంటా అని మీతో ఊరికే అన్నాను. మీరు దాన్ని ప్రసంగం చేస్తారని నాకేం తెలుసు?"

"సొంత వదిన కదా అని వదిలేస్తే రేపు సంఘం ఏమంటుంది?"

"ఏమీ అనదండీ. మీరు చెప్పేదాకా సంఘానికి ఆ సంగతే తెలియదు."

"నీకు చాలా తేలిగ్గా ఉంది. ఆయన నాకు అన్నయ్య. పెట్టె మీద మొదటి పిడికెడు మట్టి వేసింది నేను. వేసి, ప్రార్థన చెప్పిందీ నేనే. పాస్టర్ గొంతు వణకకూడదని పళ్ళు బిగించి చెప్పాను. తర్వాత ఏడుద్దాంలే అనుకున్నాను. తర్వాత కుదరలేదు."

"ఎవరో వస్తున్నారండీ. ఘానా వాళ్ళేమో. క్యాన్ కోసమే అయ్యుంటుంది."

"నువ్వు మాట్లాడు."

"మీరు పాస్టర్ కదండీ."

"తాగించింది నువ్వు."

"ఆశీర్వదించింది మీరు."

"లెవీ, ఇక్కడున్నావా. ఫ్రిజ్‌లో నా క్యాన్ ఉండాలి, చూశావా నాన్నా?"

"పర్సిస్ ఆంటీ! మీ... మీ క్యాన్ ఏదాంటీ?"

"ఎర్రగా, పెద్దది. కింద షెల్ఫ్‌లో పెట్టాను పొద్దున్న."

"కింద షెల్ఫ్ ఘానా వాళ్ళది కదాంటీ?"

"పై షెల్ఫ్ తెలుగు సంఘానిది. నేను దూరంగా ఉండాలి కదా, ఎందుకులే అని కింద పెట్టాను. వందనాలు అయ్యగారూ. మీరూ ఇక్కడే ఉన్నారా."

"వదినా, నువ్వు కూడా నన్ను అయ్యగారు అనాలా?"

"లోపల అయ్యగారు, కిచెన్‌లోకి రాగానే సుందరం అంటే ఏం బావుంటుంది. క్యాన్ ఏది లెవీ?"

"అది... అది మీరు చేశారాంటీ?"

"నేనే. వాళ్ళ కొట్లో ఎండు పువ్వులు అమ్ముతారు. వాసన చూస్తే మన గోంగూరే! దాని ఆకు మనం తింటాం, పువ్వు వాళ్ళు కాచుకుని తాగుతారు. రాత్రే నానబెట్టాను. అల్లం కాస్త ఎక్కువైందేమో తెలీదు. రుచి చూద్దామంటే పోసేది కదా, ఎంగిలి చెయ్యకూడదని చూడలేదు."

"అల్లం సరిపోయింది ఆంటీ."

"నీకెలా తెలుసు?"

"సంఘం మొత్తానికి తెలుసు ఆంటీ."

"అంటే?"

"ద్రాక్షరసం తేవడం మర్చిపోయానాంటీ. ఎర్రగా ఉంది కదా అని పొరపాటున..."

"బల్లలో పెట్టేశావా?"

"పెట్టేశానాంటీ."

"అందరూ తాగారా?"

"అందరూ."

"సుందరం కూడానా?"

"...తాగాను వదినా."

"ఈస్టర్ నుంచి నన్ను బల్ల దగ్గరికి రానివ్వలేదు. ఇవాళ నేను చేసిందే బల్ల మీద పెట్టుకున్నారు. సరే, బాగానే ఉంది."

"వదినా, వాళ్ళతో నీకేం పని? పొయ్యడాలు, పేర్లు పిలవడాలు... నువ్వూ సండే స్కూల్ చెప్పినదానివే."

"బల్ల మొదలవగానే నేను లేచి బయటికి రావాలి. వచ్చి ఎక్కడ కూర్చోను? చలికాలం కాదు కాబట్టి పార్కింగ్ లాట్‌లో కూర్చోవచ్చు, కానీ అందరూ చూస్తారు. అందుకని ఇక్కడ కూర్చునేదాన్ని. ఘానా ఆడవాళ్ళు వంటకి ముందే వస్తారు. అకోసువా అని ఒకావిడ, నా ఈడుదే, మొగుడు పోయాడు. నువ్వొక్కదానివే ఇక్కడెందుకున్నావు అని అడిగింది. మా ఆయన ఫోటో ముందు కాఫీ పెడతాను, అందుకని బయటికి పంపారు అని చెప్పాను. ఆవిడకి ఎంత కోపం వచ్చిందో!"

"మా మీదా?"

"నా మీద. కాఫీ ఎదురుగా పెట్టి ఊరుకుంటే ఆయనెలా తాగుతాడు, పొయ్యాలి కదా అంది."

"చూశావా లెవీ, ఇలా ఉంటుంది. ఒకటి మానమంటే ఇంకోటి నేర్చుకున్నారు."

"నన్నెందుకు లాగుతారండీ మధ్యలో."

"వదినా, పోయినవాళ్ళకి ఆకలీ దాహం ఉండవు. నీకు తెలియదా?"

"తెలుసు."

"తెలిస్తే మరి ఎందుకు పెడుతున్నావు?"

"ఇప్పుడడిగావా."

"అంటే?"

"పెడుతున్నావా అని అడిగావు. మానేస్తావా లేదా అని అడిగావు. ఎందుకు అని ఇవాళే అడిగావు. హాస్పిటల్లో ఆ చివరి రాత్రి మీ అన్నయ్య కాఫీ కావాలన్నారు. పొద్దున్న గొట్టం వెయ్యాలి, నోట్లో ఏమీ పొయ్యొద్దు అని నర్సు చెప్పింది. మళ్ళీ అడిగారు. పొద్దున్నే ఇస్తానండీ, పడుకోండి అన్నాను. సరే అని అటు తిరిగి పడుకున్నారు."

"వదినా..."

"పొద్దున్నే ఇస్తానన్నాను సుందరం. అందుకని పొద్దున్నే పెడుతున్నాను. ఆయన లేచొచ్చి తాగుతారని కాదు. అన్నాను కదా, అందుకు."

"నాకు చెప్పలేదేం?"

"ప్రసంగం మధ్యలో చెయ్యెత్తి చెప్పనా?"

"ఇంటికొచ్చి చెప్పొచ్చు కదా."

"ఇంటికి నువ్వే రాలేదు. లెవీ, నువ్వెందుకు నాన్నా ఏడుస్తావు?"

"నేనేడవట్లేదాంటీ. ఆ వైఫై... ఆ రోజు నేను రాకుండా ఉండాల్సింది."

"వైఫై బాగానే పనిచేస్తోందిలే."

"తప్పు నాది వదినా. వాడిది కాదు. వచ్చే నెల నువ్వు బల్లకి రావాలి. సంఘం ముందు నేనే చెప్తాను."

"వచ్చే నెల సంగతి వచ్చే నెల చూద్దాం. ఇవాళ నాలుగింటికి నేనేం పొయ్యను? క్యాన్ ఊడ్చేశారు."

"నేను కొట్టుకెళ్ళి ఆ పువ్వులు తెచ్చేస్తానాంటీ. ఎక్కడో చెప్పండి."

"నానడానికి రాత్రంతా పడుతుంది. వద్దులే. అకోసువా వాళ్ళాయన కోసం ఇంకో క్యాన్ తెస్తుంది. అందులోంచి కాస్త అడుగుతాను. ఇద్దరికీ సరిపోతుంది."

"పొయ్యడం ఎవరు పోస్తారు వదినా? నువ్వేనా?"

"పోసేది నేనే. పేర్లు మాత్రం పెద్దవాడు పిలవాలట. క్వేసి గారు పిలుస్తారు. పాపం, వారం నుంచీ ప్రాక్టీస్ చేస్తున్నాడాయన. మీ అన్నయ్య పేరు ప్రభుదాస్ అనడం రాదు. ప్రాబూ దాసో, ప్రాబూ దాసో అంటాడు. ఎలాగోలా పిలిస్తే చాల్లెండి అన్నాను."

"ఎలా పిలిచినా పలకడు."

"అదేనండీ అయ్యగారూ. వాక్యం ప్రకారం చనిపోయినవాళ్ళు..."

"వాక్యం కాదు లెవీ. ప్రభుదాస్ అని పిలిస్తే బతికుండగానే పలికేవాడు కాదు. బడిలో పంతులుగారు హాజరు పిలుస్తుంటే వేరే ఎవరినో అనుకుని దిక్కులు చూసేవాడు. పక్కనున్నవాళ్ళు గిల్లాలి."

"అదేంటి సుందరం? ఆయన పేరే కదా అది?"

"బాప్తిస్మం ఇచ్చిన పాస్టర్ పెట్టిన పేరు. అప్పటికే వాడికి ఏడెనిమిదేళ్ళుంటాయి."

"మరి అంతకుముందు? నాకెప్పుడూ చెప్పలేదే ఆయన. నేనంటే ఏవండీ అనేదాన్ని, నాకు పేరుతో పనిపడలేదు. మీ ఇంట్లో ఏమని పిలిచేవారు?"

"లెవీ, నువ్వు కాసేపు బయట ఉండు."

"ఎందుకండీ?"

"ఎవరూ రాకుండా చూడు. వెళ్ళు."

"వెళ్తున్నానండీ. తలుపు వేసేయనా?"

"వెయ్యి."

"ఇప్పుడు చెప్పు. వాడు వెళ్ళిపోయాడు."

"పిల్లలు బతకట్లేదని మా నాయనమ్మ మా ఊరి అమ్మవారు నూకాలమ్మకి మొక్కుకుంది వదినా. ఆ మొక్కుకి పుట్టినవాడు అన్నయ్య. బాప్తిస్మం అయ్యాక ఆ పేరు పైకి అనకూడదని నాన్న ఒట్టు వేయించాడు. నాయనమ్మ మాత్రం చచ్చేదాకా అలాగే పిలిచింది. వాడు ఎంత దూరంలో ఆడుకుంటున్నా ఆ పిలుపుకి పరిగెత్తుకొచ్చేవాడు. క్వేసితో చెప్పు, ప్రభుదాస్ అనొద్దు. నూకరాజు అనాలి. వద్దులే, ఆయనకి నోరు తిరగదు. నాలుగింటికి నేనే వచ్చి పిలుస్తాను."